మేడ మీద టమాటా చదువు

పిల్లలకు వ్యవసాయం నేర్పడానికి మట్టి అక్కర్లేదు. ఎండ అక్కర్లేదు. ఆ మాటకొస్తే పిల్లలు కూడా అక్కర్లేదు. ఓపిక గల ఒక తండ్రి, అతనికో కారు, ఆ కారు చేరుకునే ఆఫీసులో మెత్తని మనసున్న మేనేజరు ఉంటే చాలు. ఈ సత్యం నేను ఎక్కడో చదివి చెప్పడం లేదు. మా అమ్మాయి చదివే స్కూలు నాచేత చేయించి మరీ నేర్పింది.

స్కూళ్ళలో తోటపని పెట్టడం తల్లిదండ్రుల ప్రాణాల మీదకు తెస్తోందని కొందరు గొణుగుతున్నారు. వాళ్ళ మీద నాకు జాలి. నలభై దాటాక మనకు కొత్త చదువు ఎవరు చెప్తారు చెప్పండి? అదీ పిల్లల ఫీజులోనే?

మా అమ్మాయి మూడో తరగతి. సన్నగా ఉంటుంది, ఒక చోట నిలవదు, నిద్రలో తప్ప నోరు మూయదు. అందుకే ఇంట్లో అందరం పిచ్చుక అని పిలుస్తాం. ఒక సాయంత్రం బడి నుంచి రెండు చేతుల్తో ఒక కుండీ పట్టుకుని వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"నాన్నా, నేను రైతుని" అంది.

కుండీలోకి తొంగి చూశాను. గోధుమరంగు పొడి ఉంది.

"ఇదేం మట్టే?"

"మట్టి కాదు. మట్టిలో క్రిములుంటాయంట. ఇది కొబ్బరి పొట్టు. దీన్ని కూడా ముట్టుకోకూడదు. గ్లౌజులు వేసుకోవాలి."

"మరి విత్తనం ఎలా వేశావు?"

"నేను వెయ్యలేదు. తోట సారు వేశారు. మేం చప్పట్లు కొట్టాం."

తోట సారు గురించి చెప్పాలి. కిందటి ఏడాది వరకూ ఆయన కంప్యూటర్ సారు. కంప్యూటర్ గదిని డాన్సు క్లాసుకు ఇచ్చేశాక ఆయన పీరియడ్లు ఖాళీ అయ్యాయి. ఖాళీగా ఉన్న మనిషిని చూస్తే ఏ స్కూలుకైనా కొత్త ఆలోచన వస్తుంది. ఆయన తోట బాధ్యతను మనస్ఫూర్తిగా తీసుకున్నారు. పేరెంట్స్ మీటింగులో ఒక తల్లి లేచి, మొక్క వాడిపోతే ఏం చెయ్యాలని అడిగింది.

"కంగారు పడకండి మేడం. ఒకసారి ఎండలోంచి తీసేసి, కాసేపాగి మళ్ళీ పెట్టండి. చాలావరకు సర్దుకుంటుంది" అన్నారాయన.

ఆ మీటింగు స్కూలు భవనం అయిదో అంతస్తు పైన, డాబా మీద జరిగింది. డాబా అంతా పచ్చటి ప్లాస్టిక్ గడ్డి పరిచారు. కార్యక్రమం పేరు 'నేలతల్లి ఒడిలో'. ప్రిన్సిపల్ మేడం మైకు పుచ్చుకుని, నగరంలో పిల్లలు మట్టికి దూరమైపోతున్నారని చాలాసేపు బాధపడ్డారు. గొంతు కూడా బొంగురుపోయింది. మధ్యలో ఒకసారి మాత్రం ఆగి, హీల్స్ వేసుకున్నవాళ్ళు గడ్డి మీద నడవొద్దనీ, చిల్లులు పడతాయనీ చెప్పారు.

తర్వాత అసలు సంగతి చెప్పారు. కుండీలు ఇంట్లో పెంచాలి. ప్రదర్శన రోజున కాయలతో సహా తిరిగి తేవాలి. సైన్సు మార్కుల్లో సగం ఆ కాయలకే.

అక్కడ కూర్చున్న తల్లిదండ్రుల ముఖాల్లో అప్పటిదాకా ఉన్న చిరునవ్వు ఒక్కసారిగా మాయమైంది. మా ఆవిడ మందుల షాపులో ఫార్మసిస్టు. ఏ మోతాదుకు ఏ ప్రమాదమో ఇట్టే పసిగడుతుంది. నా చెవి దగ్గరికి వంగి, "సగం మార్కులండీ. ఇక దీన్ని పిల్ల చేతిలో పెట్టడానికి లేదు" అంది.

ఆ క్షణంలోనే మా పిచ్చుక చేతుల్లోంచి వ్యవసాయం నా చేతుల్లోకి వచ్చింది.

మాకు బాల్కనీ ఉంది. అయితే దానికి ఎదురుగా ఇంకో భవనం ఉంది. ఎంత దగ్గరంటే, వాళ్ళు టీవీలో ఏం చూస్తున్నారో మాకు తెలుసు, మా ఇంట్లో దేనికి గొడవ పడుతున్నామో వాళ్ళకు తెలుసు. ఎండ మాత్రం దారి తప్పితే తప్ప మా వైపు రాదు. మొలక రెండాకులు తొడిగి, పాలిపోయి, మెడ సాచి వెలుతురు వెతుక్కోవడం మొదలెట్టింది. దాన్ని చూస్తే నాకే దిగులేసింది. మా ఆఫీసులో కిటికీలు తూర్పుకు ఉంటాయి. ఇంకేం ఆలోచించలేదు.

మర్నాటి నుంచి టమాటా మొక్క నాతో పాటు ఉద్యోగానికి రాసాగింది. కారులో ముందు సీట్లో పెట్టి బెల్టు బిగించేవాణ్ణి. వెనక కూర్చున్న పిచ్చుక ఊరుకుంటుందా?

"పిల్లలు ముందు కూర్చోకూడదన్నావు కదా నాన్నా?"

"నువ్వు పిల్లవి. ఇది సైన్సు."

మాది ఇన్సూరెన్సు ఆఫీసు. నా సీటు లోపల గోడవైపు ఉండేది. కిటికీ పక్కన కూర్చునే సహోద్యోగిని బతిమాలి, ఆయన పెండింగు ఫైళ్ళన్నీ నేను చూసేటట్టు ఒప్పుకుని, ఆ చోటు సంపాదించాను. తండ్రి ప్రేమ అంటే ఏమిటో అప్పటిదాకా నాకు సరిగా తెలియదు. మేనేజరు వచ్చి బల్ల మీద కుండీని చూశారు. సంజాయిషీ అడుగుతారేమోనని లేచి నిలబడ్డాను.

"మా అమ్మాయి హోంవర్కు సార్."

ఆయన నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"మావాడికి గుమ్మడిచ్చారయ్యా. తీగ సోఫా మీదకు ఎక్కింది. మా ఆవిడ ఇప్పుడు కింద కూర్చుని టీవీ చూస్తోంది."

ఆ వారంలోనే గుమ్మడి కూడా మా ఆఫీసుకు బదిలీ అయింది. వర్షంలో కారు మునిగిపోయిందని చెప్పుకోవడానికొచ్చిన ఒక పెద్దాయన, ఆ తీగను దాటుకుని నా దగ్గరికి రాలేక, అక్కణ్ణుంచే కేకేసి తన కష్టం చెప్పుకున్నాడు. ఆయన వెనక నిలబడిన యువకుడి కారు అద్దం పగిలింది. పైనుంచి ఏం పడిందని అడిగాను. టమాటా కుండీ అన్నాడు. ఏ అంతస్తునుంచో, ఏ తరగతిదో వివరాలు అడగలేదు. తోటి రైతు మీద కేసు రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

ఇంట్లో పిచ్చుక మాత్రం కుదురుగా ఉండేది కాదు. సాయంత్రం కుండీ ఇంటికి రాగానే చుట్టూ తిరిగేది.

"నీళ్ళు నేను పోస్తా నాన్నా."

"వద్దమ్మా, ఎక్కువైతే వేరు కుళ్ళిపోతుంది."

"పోనీ కర్ర నేను కడతా."

"వద్దు, కొమ్మ విరుగుతుంది."

"మరి నేనేం చెయ్యాలి?"

"నువ్వు వెళ్ళి చదువుకో."

"ఏం చదవను?"

"మొక్కల పెంపకం."

అది కాసేపు నా వైపు చూసి, పుస్తకం తెచ్చుకుని, కుండీకి దూరంగా కూర్చుని, మొక్కలంటే మనకు ఎంత ప్రేమ ఉండాలో గట్టిగా చదవడం మొదలెట్టింది.

అంతా సాఫీగా సాగిపోతుండగా మొక్క మీదకు ఒక పురుగు వచ్చింది. పచ్చగా, బొద్దుగా, నా చిటికెన వేలిలో సగముంది. దాన్ని ముందు చూసింది పిచ్చుకే. ఇన్నాళ్ళ వ్యవసాయంలో ఆ పిల్ల ముఖాన అంత సంతోషం నేను చూడలేదు. మా ఆవిడ పట్టకారు తెచ్చింది. నేను న్యూస్‌పేపరు చుట్టి పట్టుకున్నాను. మేమిద్దరం చేరేలోపే పిచ్చుక దాన్ని తన టిఫిన్ డబ్బాలోకి ఎక్కించుకుని గదిలోకి పారిపోయింది.

పోనీలే, మొక్క దక్కింది కదా అనుకున్నాను. కానీ ఆకులు తగ్గిపోతూనే ఉన్నాయి. పురుగు లేని మొక్కకు ఆకులెలా పోతాయి? తోట సారుకు ఫోన్ చేస్తే, వైరస్ అయ్యుంటుందన్నారు. ఒకనాటి పొద్దున పిచ్చుక చప్పుడు చెయ్యకుండా ఆకు తుంచుతుంటే పట్టుకున్నాను.

"ఏమిటీ పని?"

"దానికి ఆకలేస్తోంది నాన్నా."

"మార్కులు పోతాయే పిచ్చీ."

"తిండి పండించడం నేర్చుకోవాలన్నారు కదా సారు? దాని తిండి ఇదే కదా?"

ఇలాంటి ప్రశ్నలకు పెద్దలు ఎప్పుడూ చెప్పే జవాబే నేనూ చెప్పాను. "ఎదురు చెప్పకు" అన్నాను. డబ్బా తీసుకుని, ఆఫీసుకెళ్ళే దారిలో ఒక పార్కు ప్రహరీ పక్కన పొదలో ఆ పురుగును విడిచిపెట్టాను. సాయంత్రం ఆ సంగతి తెలిసి పిచ్చుక ఏడవలేదు, అలగలేదు. నాతో మాట్లాడటం మానేసింది, అంతే. స్కూలు దగ్గర దించితే నావైపు చూడకుండా దిగిపోయేది. అన్నం పెడితే తినేది. ఏమన్నా కావాలంటే వాళ్ళమ్మకు చెప్పేది. మా ఇంట్లో అంత నిశ్శబ్దం ఉండగలదని నాకు తెలియదు. ఎదురు భవనంలో వాళ్ళు కూడా ఒకటి రెండుసార్లు ఇటు తొంగి చూశారు.

అయినా చదువు ముఖ్యం కదా? నేను సాగు ఆపలేదు.

ప్రదర్శన రోజు వచ్చేసరికి మా మొక్కకు ఒకే ఒక్క కాయ. గోళీకాయంత, పచ్చిది. దాన్ని పట్టుకుని లిఫ్టులోకి అడుగుపెడితే, పై ఫ్లాటులో ఉండే పళ్ళ డాక్టరుగారు కనిపించారు. ఆవిడ కొడుకు పిచ్చుక తరగతే. ఎప్పుడూ నోరు విప్పని పిల్లాడు. మా పిచ్చుక రెండిళ్ళకూ సరిపడా మాట్లాడేస్తుంది కనుక వాడికి ఆ అవసరం రాలేదు. డాక్టరుగారి చేతిలో కుండీ. దాని నిండా ఎర్రగా, నిగనిగలాడే టమాటాలు. కిందటి ఆదివారం వాళ్ళ మొక్కకు పూత కూడా లేదు.

కాస్త దగ్గరగా చూశాను. ప్రతి కాయ తొడిమకూ తెల్లటి సన్నని దారం. పళ్ళ సందులు శుభ్రం చేసుకునే దారం అది. లిఫ్టంతా పుదీనా వాసన.

"మంచి పనితనం డాక్టరుగారూ" అన్నాను.

"రోజూ చేసే పనే కదండీ. ఇరుకు సందుల్లోంచి దారం తియ్యడం మాకు అలవాటే" అన్నారావిడ, ఏమాత్రం దాచకుండా.

నా చేతిలో పచ్చి కాయ చూసి జాలిపడి, పర్సులోంచి దారం డబ్బా తీసి ఇవ్వబోయారు. బజారు నుంచి పళ్ళు తేవడం మరిచిపోయాను గానీ లేకపోతే తీసుకునేవాణ్ణే. నీతికీ నిర్లక్ష్యానికీ మధ్య తేడా పెద్దగా ఉండదు.

డాబా మీద పెద్ద గుడారం వేశారు. కుండీలన్నీ వరసగా పెట్టారు. ఇంత పంట పండిన ఊరు ఇంకోటి ఉండదు. ఒక తండ్రి హడావుడిలో నర్సరీ నుంచి కొనుక్కొచ్చిన టమాటా మొక్కకు వంకాయలున్నాయి. తోట సారు వాటిని తడిమి చూసి, "కొత్త వెర్షన్" అని ముందుకు నడిచారు. పిల్లలందరూ తెల్లటి గ్లౌజులు తొడుక్కుని, ఆపరేషన్ చెయ్యబోయే డాక్టర్లలా, తమతమ కుండీలకు అడుగు దూరంలో నిలబడ్డారు.

వ్యవసాయ శాఖలో పెద్ద పదవిలో ఉన్న ఒకాయన ముఖ్య అతిథి. మా మొక్క దగ్గర ఆగి, "ఆకులు తక్కువ" అన్నారు. పిచ్చుక నావైపు చూసింది. డాక్టరుగారి కుండీ దగ్గరికి రాగానే ఆయన కళ్ళు మెరిశాయి. ఒక కాయ పట్టుకుని లాగారు. రాలేదు. ఇంకాస్త లాగారు. దారం సాగింది. మూడోసారి కొమ్మతో సహా ఊడి చేతికొచ్చింది. ఆయన దాన్ని కొరికి, కళ్ళు మూసుకుని నమిలారు.

"పీచు బాగా ఉంది. ఆరోగ్యానికి మంచిది. పుదీనా వాసన కూడా తగులుతోంది."

"ఆర్గానిక్ సార్" అన్నారు ప్రిన్సిపల్ మేడం.

మొదటి బహుమతి ఆ కుండీకే. అతిథి మైకును పిల్లాడి నోటి ముందు పెట్టి, "ఎలా పెంచావు బాబూ?" అని అడిగారు. వాడు జన్మలో మొదటిసారి పదిమందిలో నోరు విప్పాడు.

"మా అమ్మ కుట్టింది."

ప్రిన్సిపల్ మేడం చటుక్కున మైకు అందుకుని, "చూశారా, తల్లి ప్రేమను ఎంత చక్కటి మాటతో చెప్పాడో" అన్నారు. చప్పట్లు మోగిపోయాయి. డాక్టరుగారు కూడా కొట్టారు.

ఆ తర్వాత ఫొటోలు. రైతులందరూ ముందుకు రావాలన్నారు. తల్లిదండ్రులం కుండీలు ఎత్తుకుని గుంపుగా నిలబడ్డాం. ఫొటోగ్రాఫరు, "పిల్లలు కాస్త పక్కకి జరగండి, మొక్కలు కనబడటం లేదు" అన్నాడు. పిల్లలు పక్కకి జరిగారు. ఇంకొంచెం జరిగారు. ఎటు జరిగారో ఎవరూ చూడలేదు.

ఎన్ని ఫొటోలు తీశారో గానీ, నాకు ఉన్నట్టుండి అనుమానం వచ్చింది. అంతమంది పిల్లలున్న చోట చడీచప్పుడు లేదు. పిల్లలున్నవాళ్ళకు ఆ నిశ్శబ్దం అంటే ఏమిటో తెలుసు. కుండీ అక్కడే పెట్టి గుడారం వెనక్కి వెళ్ళాను.

గాలికి గుడారం ఎగిరిపోకుండా గుంజలకు మట్టి బస్తాలు ఆనించారు. ఎవరో పని పూర్తయ్యాక తీసుకుపోదామనుకున్న మామూలు మట్టి, క్రిములున్న అసలు మట్టి. ఒక బస్తా మూతి విప్పేశారు. చేతులు కడుక్కోవడానికి పెట్టిన నీళ్ళ డ్రమ్మును దాని మీద ఒంపేశారు. గ్లౌజులన్నీ ఒక మూల కుప్ప. మోచేతుల దాకా బురదతో తరగతి తరగతంతా పనిలో ఉంది. ఒకడు గుంట తవ్వుతున్నాడు. ఒకమ్మాయి వంకాయను చీల్చి గింజలు ఏరుతోంది. నోరు విప్పని ఆ పిల్లాడు, బహుమతి కుండీలోంచి తెంపుకొచ్చిన కాయలకు దారాలు విప్పుతూ, "ఇక్కడ పెట్టు, అక్కడొద్దు, దానికి చోటు చాలదు" అని అందరికీ పనులు చెప్తున్నాడు. మా పిచ్చుక ప్లాస్టిక్ గడ్డి అంచు ఎత్తి, దాని కిందకు మట్టి తోస్తోంది. ముక్కు మీద బురద. జుట్టులో బురద.

నన్ను చూసింది. పారిపోతుందేమోననుకున్నాను.

"నాన్నా, ఇందులో చెయ్యి పెట్టి చూడు. చల్లగా ఉంది" అంది.

ఎన్నాళ్ళకో నాతో అన్న మాట. చుట్టూ ఎవరూ పెద్దవాళ్ళు లేరు కదాని ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడిచి, మట్టిలో చెయ్యి పెట్టాను. నిజమే, చల్లగా ఉంది. ఇన్నాళ్ళు సాగు చేశాను గానీ మట్టి తగిలింది అప్పుడే.

అంతలో ఒక తల్లి కేక వినబడింది. ఆ తర్వాత జరిగింది మీరు ఊహించుకోగలరు. బస్తా ఖాళీ అయిన వైపు గుడారం వాలింది. శానిటైజర్ సీసాలు అయిపోయాయి. పిల్లల్ని రెక్కలు పట్టి ఈడ్చుకెళ్ళారు. మా ఆవిడ పిచ్చుకను చూసి, నా మోచేతులు చూసి, ముందు నన్ను తుడిచింది.

కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను. రెండు మంచి వానలు పడ్డాక ప్రిన్సిపల్ మేడం ఫోన్ చేశారు. చాలా తీవ్రమైన విషయం, వెంటనే రమ్మన్నారు. ఆఫీసులో సెలవడిగితే మేనేజరు వివరం కూడా అడగలేదు. గుమ్మడిపిందెకు గుడ్డ కడుతూ, వెళ్ళమని చెయ్యి ఊపారు.

మేడం పిచ్చుకను క్లాసులోంచి పిలిపించి, మా ఇద్దర్నీ డాబా మీదకు తీసుకెళ్ళారు. తోట సారు అక్కడే, తల పట్టుకుని కూర్చుని ఉన్నారు. ప్లాస్టిక్ గడ్డి అతుకుల్లోంచి, అంచుల్లోంచి, గుడారం గుంజలు నిలబెట్టిన చోట్లనుంచి, పొడుచుకొచ్చిన మొలకలు. వందల్లో ఉన్నాయి. ప్లాస్టిక్ గడ్డి పచ్చదనం పక్కన వాటి పచ్చదనం కాస్త తక్కువగానే ఉందని ఒప్పుకోవాలి.

"చూశారా మీ అమ్మాయి చేసిన పని?" అన్నారు మేడం.

"తీసేసినా మళ్ళీ వస్తున్నాయి సార్. డిలీట్ అవ్వడం లేదు" అన్నారు తోట సారు.

పిచ్చుక అప్పటికే మోకాళ్ళ మీద కూర్చుంది. "ఇది టమాటా. ఇది కూడా టమాటా. ఇది వంకాయేమో. నాన్నా, ఇదేంటి?"

"ముట్టుకోకమ్మా" అన్నారు మేడం.

నేను గొంతు సవరించుకుని, వీలైనంత వినయంగా అడిగాను. "మేడం, పిల్లలు మొక్కలు పెంచాలనే కదండీ ఈ కార్యక్రమం?"

"కార్యక్రమం ఆ రోజే అయిపోయింది కదండీ" అన్నారావిడ, ఇంత చిన్న విషయం నాకెందుకు అర్థం కావడం లేదో తెలియనట్టు. "ఫొటోలు కూడా వచ్చేశాయి. ఇప్పుడు గడ్డి పాడైపోతోంది. స్లాబులోకి నీళ్ళు దిగితే ఎవరిది పూచీ? ఇది క్రమశిక్షణకు సంబంధించిన విషయం. మిగతా పిల్లలకు దారి చూపించింది మీ పాపే."

కాబట్టి చదువరులారా, తోటపని వల్ల లాభం లేదనేవాళ్ళ మాట వినకండి. నేను ఎంతో నేర్చుకున్నాను. టమాటాకు ఎంత ఎండ కావాలో తెలుసు, ఎన్ని నీళ్ళు కావాలో తెలుసు. ఏ మొక్క చదువు కిందకు వస్తుందో, ఏ మొక్క నేరం కిందకు వస్తుందో కూడా ఇప్పుడు తెలిసింది. ఆ డాబా మీద నిలబడి, జరిగినదానికి క్షమాపణ చెప్పాను. ఇకమీదట మా అమ్మాయి స్కూల్లో ఏ మొక్కనూ మొలిపించదని మేడం గారికి మాటిచ్చాను.

మాటిచ్చింది నేను. పిచ్చుక ఇవ్వలేదు.